బేస్ గిటార్ మూత విప్పితే... ఇంటర్వ్యూ సమాధానం!

సిరీస్, పారలల్, ఫిల్టర్, ఇంపీడెన్స్, గ్రౌండింగ్... పరీక్ష కోసం చదివి మరిచిపోయే ఈ మాటలన్నీ ఒక ఎలక్ట్రిక్ బేస్ గిటార్‌లో చేతికి తగులుతాయి, చెవికి వినిపిస్తాయి. బందరు, గుడివాడ, దివిసీమ విద్యార్థులకు ఇది ఊళ్లోనే దొరికే ల్యాబ్. దాన్ని ఉద్యోగ వేటలో ఎలా వాడుకోవాలో చూద్దాం.

‘సిరీస్ కనెక్షన్‌కీ పారలల్ కనెక్షన్‌కీ తేడా ఏంటి?’ ఎలక్ట్రానిక్స్ ఇంటర్వ్యూలో ఈ ప్రశ్న వస్తే ఎవరూ తడుముకోరు. సూత్రం నోటికి వచ్చు. చిక్కంతా తర్వాతి ప్రశ్న దగ్గరే. ‘సరే, ఈ రెండింట్లో ఒకటి ఎంచుకోవాల్సిన పరిస్థితి మీకు ఎప్పుడైనా వచ్చిందా? దేన్ని ఎంచుకున్నారు? ఎందుకు?’ ఇక్కడ చాలామంది గొంతు సన్నబడుతుంది. రెజ్యూమెలో ప్రాజెక్టు ఉంటుంది. కానీ అది దుకాణంలో కొన్న కిట్ అయితే లోపల ఏముందో చెప్పలేరు. చిలకలపూడి రోల్డ్ గోల్డ్ నగ తాను రోల్డ్ గోల్డ్ అని చెప్పుకునే అమ్ముడవుతుంది, అందులో మోసం లేదు. కొన్న ప్రాజెక్టు మాత్రం మేలిమి బంగారంలా ఫోజు కొడుతుంది. రెండో ప్రశ్నకే మెరుగు పోతుంది.

ఈసీఈ, ఈఈఈ, డిప్లొమా, బీఎస్సీ ఎలక్ట్రానిక్స్, ఐటీఐ ఎలక్ట్రానిక్స్ మెకానిక్... మీరు వీటిలో ఏది చదువుతున్నా సరే, తక్కువ ఖర్చుతో, పూర్తిగా మీ చేత్తో చేసి, ప్రతి తీగ గురించీ చెప్పగలిగే ప్రాజెక్టు ఒకటుంది. బేస్ గిటార్ పికప్‌ల వైరింగ్ ఎంచుకుని మార్చడం. గిటార్ వాయించడం రానక్కర్లేదు. తీగను మీటి, తేడా వినగలిగితే చాలు.

మన దగ్గరే ఎందుకు?

బందరులో 1843లో రాబర్ట్ నోబుల్ మొదలుపెట్టిన బడే నోబుల్ కాలేజీగా ఎదిగింది. మిషనరీల కాలం నుంచీ ఈ ప్రాంతంలో చర్చిలున్నాయి, చర్చిలతో పాటు పాటలున్నాయి. ఇప్పుడు ఆరాధనలో కీబోర్డు, డ్రమ్స్ పక్కన బేస్ గిటార్ కనిపించడం వింతేమీ కాదు. పెళ్లిళ్లకు, తిరునాళ్లకు వెళ్లే ఆర్కెస్ట్రాలు సరేసరి. కీబోర్డు మీదే ఎడమచేత్తో బేస్ లాగించేసే బృందాలు ఉన్నా, నాలుగు తీగల బేస్ వెంటబెట్టుకుని వెళ్లేవాళ్లూ ఉన్నారు.

సున్నితమైన పరికరాల తయారీ కూడా బందరుకు కొత్త కాదు. 1926లో ఇక్కడ మొదలైన ఆంధ్రా సైంటిఫిక్ కంపెనీని 1983లో భారత్ ఎలక్ట్రానిక్స్ లిమిటెడ్ తీసుకుంది. రాత్రివేళ చూడగలిగే రక్షణ పరికరాలు తయారుచేసే బీఈఎల్ యూనిట్ అదే. గుడివాడ పక్కన గుడ్లవల్లేరులో ఇంజినీరింగ్ కాలేజీ, పాలిటెక్నిక్ రెండూ ఉన్నాయి. అంటే బేస్ గిటార్లూ ఇక్కడే ఉన్నాయి, మల్టీమీటర్ పట్టుకోవడం నేర్చుకుంటున్న విద్యార్థులూ ఇక్కడే ఉన్నారు. ఈ రెండింటినీ కలపడమే మీ పని.

అకౌంటెంట్ ఉద్యోగం పోతే...

ఎలక్ట్రిక్ బేస్‌ను జనంలోకి తెచ్చిన లియో ఫెండర్ కథ ఉద్యోగం వెతుక్కునేవాళ్లు తెలుసుకోవాల్సిందే. కాలిఫోర్నియాలో ఆయన చదివింది అకౌంటింగ్. 1930ల ఆర్థిక మాంద్యంలో ఉద్యోగం పోయింది. చిన్నప్పటి నుంచీ ఇష్టమైన రేడియో రిపేరునే నమ్ముకుని 1938లో ఫుల్లర్టన్ అనే ఊళ్లో దుకాణం తెరిచాడు. సంగీతకారులు ఆంప్లిఫయర్లు బాగుచేయించుకోవడానికి వచ్చేవారు. వాళ్ల ఇబ్బందులు విని విని తనే వాయిద్యాలు తయారుచేయడం మొదలుపెట్టాడు. 1951లో ప్రెసిషన్ బేస్, 1960లో జాజ్ బేస్ వచ్చాయి. విశేషమేంటంటే ఆయనకు గిటార్ వాయించడం రాదు! వాయించేవాళ్ల మాట శ్రద్ధగా వినడం మాత్రం వచ్చు. మీకూ ముందు కావాల్సింది అదే.

పికప్ అంటే...

మూత విప్పి చూస్తే భయపడేంత ఏమీ ఉండదు. అయస్కాంతం, దాని చుట్టూ వెంట్రుకలా సన్నని రాగి తీగ వేల చుట్లు. పైన ఉక్కు తీగ కదిలితే అయస్కాంత క్షేత్రం మారుతుంది, కాయిల్‌లో చిన్న వోల్టేజ్ పుడుతుంది. ఇంటర్ ఫిజిక్స్‌లో చదివిన ఫారడే సూత్రమే. అక్కడి నుంచి సిగ్నల్ వాల్యూమ్ పాట్, టోన్ పాట్, కెపాసిటర్ దాటి జాక్ దగ్గరికి వస్తుంది.

కొలతలు గుర్తుపెట్టుకోండి. జాజ్ బేస్ తరహా పికప్ ఒక్కోటి సుమారు 7 నుంచి 8 కిలో ఓమ్‌లు చూపిస్తుంది. మామూలు పాసివ్ బేస్‌లో పాట్ విలువ సాధారణంగా 250 కిలో ఓమ్‌లు, టోన్ కెపాసిటర్ 0.047 మైక్రోఫారడ్. ఈ నాలుగు విడి భాగాలను ఎలా కలుపుతారన్నదే వైరింగ్. ప్రధానంగా నాలుగు దారులు ఉన్నాయి.

1. రెండు వాల్యూమ్‌లు, ఒక టోన్

జాజ్ బేస్‌లో ఎక్కువగా కనిపించే పద్ధతి. రెండు పికప్‌లూ పారలల్. దేని వాల్యూమ్ దానిదే. మెడ దగ్గరి పికప్ గుండ్రటి శబ్దం ఇస్తుంది, బ్రిడ్జి దగ్గరిది పదునుగా పలుకుతుంది. రెండూ పూర్తిగా తెరిస్తే మధ్య స్వరాలు కాస్త తగ్గి, తేటగా వినిపిస్తుంది.

ఇందులో ఒక చిన్న మెలిక ఉంది. పికప్ వైరును పాట్ నడిమి కాలికి, అవుట్‌పుట్‌ను చివరి కాలికి కలుపుతారు. మామూలుగా ఎవరైనా దీనికి తలకిందులుగా కలుపుతారు. అలా కలిపితే ఒక వాల్యూమ్ సున్నా చేయగానే అవుట్‌పుట్ నేరుగా గ్రౌండ్‌కు తగిలి, రెండో పికప్ కూడా మూగబోతుంది. ‘ఎందుకు మూగబోయింది?’ అని కాగితం మీద గీసి చెప్పగలిగితే, సర్క్యూట్ చదవడం మీకు వచ్చినట్టే.

2. వాల్యూమ్, బ్లెండ్, టోన్

ఒకటే వాల్యూమ్. రెండు పికప్‌ల పాళ్లు బ్లెండ్ నాబ్ చూసుకుంటుంది. మధ్యలో ‘టక్’మని ఆగే చోట రెండూ సమానం. వాయించేవాళ్లు మారుతూ ఉండే చోట ఇది సుఖం, ఎవరైనా నాబ్‌ను మధ్యలో పెట్టి మొదలుపెట్టొచ్చు. కాకపోతే మామూలు పాట్ దీనికి పనికిరాదు. మధ్య స్థానంలో రెండు పికప్‌లూ పూర్తిగా పలికేలా తయారైన ప్రత్యేకమైన జంట పాట్ కావాలి. కొనేముందు ఈ సంగతి అడగకపోతే డబ్బు దండగ.

3. సిరీస్, పారలల్ స్విచ్

మామూలు పాట్ తీసేసి, పైకి లాగితే స్విచ్‌లా పనిచేసే పుష్-పుల్ పాట్ పెడతారు. కింద ఉంటే పారలల్, లాగితే సిరీస్. సిరీస్‌లో శబ్దం పెద్దదవుతుంది, మధ్య స్వరాలు చిక్కబడతాయి, పై స్వరాల మెరుపు తగ్గుతుంది. రెండు వాల్యూమ్‌లు వేటికవే పనిచేయవు, ఒకటే మొత్తానికి వాల్యూమ్ అవుతుంది.

మెరుపు ఎందుకు తగ్గుతుంది? లెక్క వేద్దాం. ఒక్కో పికప్ ఇండక్టెన్స్ 3.6 హెన్రీలు అనుకోండి. గిటార్ కేబుల్‌కు మీటరుకు సుమారు 100 పికోఫారడ్ కెపాసిటెన్స్ ఉంటుంది. 7 మీటర్ల కేబుల్ అంటే 700 పికోఫారడ్. ఈ రెండూ కలిసి ఒక చోట రెజొనెన్స్ ఇస్తాయి. అక్కడ శబ్దం కాస్త ఉబ్బుతుంది, దాని పైన పడిపోతుంది. సూత్రం మీకు తెలిసిందే: 1ని 2పై, ఎల్‌సీ వర్గమూలం... ఈ రెండింటి లబ్ధంతో భాగించాలి.

• ఒకే పికప్: సుమారు 3,170 హెర్ట్జ్
• రెండూ పారలల్, ఇండక్టెన్స్ 1.8 హెన్రీలు: సుమారు 4,480 హెర్ట్జ్
• రెండూ సిరీస్, ఇండక్టెన్స్ 7.2 హెన్రీలు: సుమారు 2,240 హెర్ట్జ్

పారలల్ నుంచి సిరీస్‌కు మారితే ఇండక్టెన్స్ 4 రెట్లు, ఫ్రీక్వెన్సీ సరిగ్గా సగం. చెవికి ‘చిక్కబడింది’ అనిపించింది దీన్నే. కాలేజీ ల్యాబ్‌లో ఎల్‌సీఆర్ మీటర్ ఉంటే మీ పికప్‌ల అసలు విలువలు కొలిచి, ఇదే లెక్క మళ్లీ వేయండి. ప్రాజెక్టు రిపోర్టులో మొదటి పేజీ తయారైనట్టే.

ఒక హెచ్చరిక. సిరీస్‌లో పెట్టాలంటే ఒక పికప్ గ్రౌండ్ వైరు గ్రౌండ్ నుంచి విడిపోయి రెండో పికప్‌కు కలవాలి. ఆ వైరు పికప్ లోహపు కవచానికి కూడా అతికి ఉంటే, కవచం మొత్తం సిగ్నల్ దారిలోకి వచ్చి గుయ్‌మంటుంది. ముందు ఆ రెండింటినీ వేరు చేయగలమో లేదో చూసుకోవాలి.

4. యాక్టివ్

లోపల 9 వోల్టుల బ్యాటరీతో నడిచే చిన్న ప్రీఆంప్ ఉంటుంది. 1976లో వచ్చిన మ్యూజిక్ మ్యాన్ స్టింగ్‌రేతో ఈ పద్ధతి బాగా ప్రచారంలోకి వచ్చింది. దీని అవుట్‌పుట్ ఇంపీడెన్స్ తక్కువ కాబట్టి కేబుల్ పొడవైనా పై స్వరాలు పోవు. బేస్, ట్రెబుల్ తగ్గించడమే కాదు, పెంచుకోవచ్చు కూడా.

మరి వదులుకునేదేంటి? బ్యాటరీ అయిపోతే మధ్యలో పాట ఆగుతుంది. చాలా బేస్‌లలో జాక్‌లో పిన్ను గుచ్చగానే బ్యాటరీ ఆన్ అవుతుంది. వాయించడం అయ్యాక కేబుల్ పీకడం మరిచిపోతే అది నడుస్తూనే ఉంటుంది. బ్యాటరీ సామర్థ్యం 500 మిల్లీ ఆంపియర్ అవర్లు, సర్క్యూట్ లాగేది 1 మిల్లీ ఆంపియర్ అనుకుంటే 500 గంటలు. మూడు వారాలు కాకముందే ఖాళీ!

గుయ్‌మనే శబ్దం ఎక్కడిది?

బేస్ వైరింగ్‌లో మన దేశంలో పట్టించుకోవాల్సిన సంగతి ఒకటుంది. మన కరెంటు 50 హెర్ట్జ్. బేస్‌లో అన్నిటికన్నా లావు తీగ ‘ఇ’ 41.2 హెర్ట్జ్ దగ్గర, దాని పైది ‘ఎ’ 55 దగ్గర పలుకుతాయి. అంటే కరెంటు హమ్ సరిగ్గా ఆ రెంటి మధ్యకు వచ్చి కూర్చుంటుంది. ‘ఇ’ తీగ మూడో ఫ్రెట్ దగ్గర వచ్చే ‘జి’ స్వరం 49 హెర్ట్జ్. హమ్ రెండో హార్మోనిక్ 100 హెర్ట్జ్, సన్న తీగ ‘జి’ 98. కాబట్టి ఈక్వలైజర్‌లో హమ్‌ను కోసేద్దామంటే పాట కూడా తెగిపోతుంది. హమ్‌ను పుట్టిన చోటే ఆపాలి.

ఆ పని పికప్‌ల జంట చేస్తుంది. జాజ్ తరహా బేస్‌లో రెండు పికప్‌ల చుట్టు దిశ తలకిందులు, అయస్కాంత ధ్రువాలూ తలకిందులు. తీగ సిగ్నల్ రెండుసార్లు తిరగబడుతుంది కాబట్టి రెండు పికప్‌లదీ కలిసి పెరుగుతుంది. బయటి నుంచి వచ్చిన హమ్‌కు అయస్కాంతంతో సంబంధం లేదు. అది ఒక్కసారే తిరగబడి, ఒకదాన్నొకటి రద్దు చేసుకుంటాయి. అయితే రెండు వాల్యూమ్‌లూ సమానంగా ఉన్నప్పుడే రద్దు పూర్తిగా జరుగుతుంది. ఒకటి తగ్గిస్తే హమ్ మళ్లీ తొంగి చూస్తుంది. ప్రెసిషన్ బేస్‌కు 1957లో రెండు ముక్కల పికప్ వచ్చింది. ఆ రెండు ముక్కలూ సిరీస్‌లో ఇదే సూత్రంతో పనిచేస్తాయి.

ఇంటర్వ్యూకు ఇది పెద్ద ఆస్తి. ‘కామన్ మోడ్ రిజెక్షన్ అంటే?’ అని అడిగితే నిర్వచనం అందరూ చెబుతారు. మీరు పికప్‌ల జంటతో మొదలుపెట్టి, మైక్ బ్యాలెన్స్‌డ్ కేబుల్, ఈథర్‌నెట్‌లో మెలేసిన తీగల జత, యూఎస్‌బీలో రెండు డేటా తీగలు... అన్నింటిలో ఉన్నది ఇదే ఆలోచన అని చెప్పగలరు.

మూడు చోట్లు, మూడు ఎంపికలు

‘వీటిలో ఏది మంచిది?’ అనే ప్రశ్నకు సమాధానం లేదు. ‘ఎక్కడ వాడతారు?’ అని తిరిగి అడగాలి. మన ప్రాంతంలోనే మూడు సందర్భాలు తీసుకుందాం.

బందరులో ఒక చర్చి: బేస్ అక్కడే ఉంటుంది, వాయించే పిల్లలు మారుతుంటారు. ట్యూబ్‌లైట్లు, ఫ్యాన్ రెగ్యులేటర్లు, అడాప్టర్లు చుట్టూ ఉంటాయి. ప్రార్థన సమయంలో నిశ్శబ్దం కావాలి. ఇక్కడ బ్లెండ్ వైరింగ్ నప్పుతుంది. నాబ్ మధ్యలో ఉంటే రెండు పికప్‌లూ సమానం, హమ్ రద్దు. ఒకవేళ ‘శబ్దం బొంగురుగా ఉందయ్యా’ అని పాస్టర్‌గారు అంటే వైరింగ్‌ను నిందించే ముందు బేస్ దేనికి గుచ్చారో చూడండి. పాసివ్ బేస్‌ను నేరుగా మిక్సర్ లైన్ ఇన్‌పుట్‌కు కలిపితే, ఆ 10 కిలో ఓమ్‌ల లోడ్ పై స్వరాలను మింగేస్తుంది. 1 మెగా ఓమ్ ఇన్‌పుట్ ఉండే డీఐ బాక్స్ మధ్యలో పెడితే సమస్య తీరుతుంది, గిటార్ విప్పాల్సిన పనే ఉండదు. ఏ భాగమూ మార్చకుండా సమస్య తీర్చడం కూడా ఇంజినీరింగే.

గుడివాడలో పెళ్లి ఆర్కెస్ట్రా: ఘంటసాల పుట్టిన చౌటపల్లి ఈ దాపుల్లోదే. కాబట్టి పాత పాట అడగకుండా ఉండరు. దాని వెంటనే కొత్త మాస్ బీట్. పాత పాటకు చిక్కటి గుండ్రటి బేస్, కొత్త పాటకు తేటగా తన్నే బేస్ కావాలి. రెండు పాటల మధ్య దొరికేది కొన్ని సెకన్లు. ఇక్కడ సిరీస్-పారలల్ స్విచ్ డబ్బుకు తగిన పని చేస్తుంది. ఒకటే లాగుడు, శబ్దం మారిపోతుంది. సిరీస్‌లో శబ్దం పెద్దదవుతుందని మిక్సర్ దగ్గరి మనిషికి ముందే చెప్పి ఉంచాలి.

దివిసీమలో తిరునాళ్లు: మోపిదేవి, హంసలదీవి వైపు వేదిక అనుకోండి. జనరేటర్ కరెంటు, మిక్సర్ ఎక్కడో జనం వెనక, సముద్రపు ఉప్పుగాలి, రాత్రివేళ దుకాణాలు ఉండవు. పొడవాటి కేబుల్ చూస్తే యాక్టివ్ కావాలనిపిస్తుంది. కానీ బ్యాటరీ పోతే దిక్కు లేదు. అందుకే తక్కువ భాగాలున్న పాసివ్ వైరింగ్, వాయించేవారి పక్కనే డీఐ బాక్స్, అక్కడి నుంచి మిక్సర్ దాకా బ్యాలెన్స్‌డ్ కేబుల్... ఇది నమ్మకమైన జోడీ. ఇప్పటికే యాక్టివ్ బేస్ ఉంటే బ్యాటరీ లేకున్నా పలికే బైపాస్ స్విచ్ పెట్టండి. ఉప్పుగాలికి పాట్లు గరగరమంటాయి, జాక్ చిలుము పడుతుంది. ఏడాదికోసారి కాంటాక్ట్ క్లీనర్‌తో శుభ్రం చేస్తే ఆ గోల తగ్గుతుంది.

చూశారుగా, ప్రతి ఎంపికలోనూ ఏదో ఒకటి వదులుకున్నాం. బ్లెండ్‌లో విడి వాల్యూమ్‌లు వదులుకున్నాం. సిరీస్‌లో మెరుపు వదులుకున్నాం. పాసివ్‌లో స్వరాన్ని పెంచుకునే వీలు వదులుకున్నాం. ఇంటర్వ్యూలో ఎదుటివాళ్లు వినాలనుకునేది ఇదే. ఏం సాధించారన్నది ఎవరైనా చెబుతారు. దానికోసం ఏం వదులుకున్నారో, అది ఎందుకు పర్వాలేదో చెప్పగలిగితే ఆలోచించి పనిచేసే మనిషని వాళ్లకు అర్థమవుతుంది.

పని మొదలుపెట్టండిలా

• ఖరీదైన బేస్ మీద మొదటి ప్రయోగం వద్దు. వాడకుండా మూలపడ్డ బేస్ కోసం చర్చిలో, ఆర్కెస్ట్రా మాస్టారి దగ్గర అడగండి. ‘బాగుచేసి ఇస్తాను, పాడైతే నాదే బాధ్యత’ అని ముందే మాట్లాడుకోండి.
• మూత విప్పగానే ఫొటోలు తీయండి. ఆ ఫొటో చూసి సర్క్యూట్ మీరే గీయండి. ఇంటర్నెట్‌లో దొరికిన బొమ్మతో పోల్చేది ఆ తర్వాతే.
• మార్చకముందు కొలవండి: ఒక్కో పికప్ రెసిస్టెన్స్, రెండూ కలిపితే ఎంత. పికప్‌లు 7.5 కిలో ఓమ్‌లైతే పారలల్‌లో సుమారు 3.75, సిరీస్‌లో 15 రావాలి. రాకపోతే ఎక్కడో అతుకు ఊడింది. పాట్లకు కలిపి ఉండగా కొలిస్తే విలువ మారుతుంది, విడదీసి కొలవండి.
• రెండు పికప్‌ల ఫేజ్ చూడండి. ముల్లు మీటర్ కలిపి, పికప్ మీద స్క్రూడ్రైవర్ ఆనించి చటుక్కున తీస్తే ముల్లు ఒక వైపు కొడుతుంది. రెండు పికప్‌లకూ ఒకే వైపు కొట్టాలి. వేరైతే రెండూ కలిపినప్పుడు శబ్దం పల్చగా, డొల్లగా వస్తుంది.
• సోల్డరింగ్ ఐరన్ 25 నుంచి 40 వాట్లు చాలు. ఎలక్ట్రానిక్స్‌కు వాడే రోసిన్ టంకమే వాడండి. యాసిడ్ ఫ్లక్స్ వద్దు, తీగలను తినేస్తుంది. పాట్ వీపు మీద ఐరన్‌ను ఎక్కువసేపు ఆనిస్తే పాట్ పోతుంది. కిటికీ తెరిచి పనిచేయండి, అయ్యాక చేతులు కడుక్కోండి.
• ఒక్కసారికి ఒక్క మార్పే. మార్పుకు ముందూ తర్వాతా ఒకే స్వరం రికార్డు చేసి, ఉచితంగా దొరికే ఆడాసిటీలో స్పెక్ట్రమ్ గీయించండి. ఎల్‌టీస్పైస్‌లో అదే సర్క్యూట్ సిమ్యులేట్ చేసి రెండూ పక్కపక్కన పెట్టండి. కలవకపోతే ఇంకా మంచిది, ఎందుకు కలవలేదో వెతికితే అదే మంచి అధ్యాయం అవుతుంది.

ప్రాణం మీదికి తెచ్చుకోవద్దు

పాసివ్ బేస్ లోపల వోల్టేజ్ చాలా తక్కువ, కేబుల్ పీకి పనిచేస్తే దానివల్ల ప్రమాదం లేదు. ప్రమాదం బయట ఉంది. బేస్ తీగలు గ్రౌండ్ వైరు ద్వారా ఆంప్లిఫయర్ బాడీకి కలిసి ఉంటాయి. ఆంప్లిఫయర్‌కు ఎర్త్ సరిగ్గా లేక, లోపల లీకేజీ ఉంటే ఆ కరెంటు తీగల మీదికి వస్తుంది. ఒక చేయి తీగల మీద, పెదవులు మైక్‌కు తగిలితే షాక్ ఒంటి గుండా పోతుంది. తడి నేల, చెప్పుల్లేని కాళ్లు, వాన పడిన షామియానా... మన వేదికల సంగతి మీకు చెప్పక్కర్లేదు.

అందుకే హమ్ పోతుందని ఎవరైనా చెప్పినా ప్లగ్ మూడో పిన్ను విరిచేయొద్దు. వేదిక లైన్‌లో 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ ఉందో లేదో అడగండి. వాయించేముందు మల్టీమీటర్‌ను ఏసీ వోల్ట్స్‌లో పెట్టి బేస్ బ్రిడ్జికీ మైక్ జాలీకీ మధ్య కొలవండి. సున్నాకు దగ్గరగా ఉండాలి. పదుల వోల్టులు చూపిస్తే అక్కడే ఆపి, ఎలక్ట్రీషియన్‌ను పిలవండి. ఆంప్లిఫయర్ మాత్రం మీరు విప్పొద్దు. స్విచ్ ఆపి, ప్లగ్ పీకాక కూడా దాని కెపాసిటర్లలో ప్రమాదకరమైన చార్జ్ నిలిచి ఉండొచ్చు.

రెజ్యూమెలో, ఇంటర్వ్యూలో

‘గిటార్ రిపేరు వచ్చు’ అని రాస్తే హాబీలా కనిపిస్తుంది. ఇలా రాయండి: ‘రెండు పికప్‌ల పాసివ్ ఆడియో సర్క్యూట్‌లో సిరీస్-పారలల్ స్విచింగ్ రూపకల్పన, అమరిక, ఇండక్టెన్స్, ఫ్రీక్వెన్సీ స్పందన, హమ్ కొలతలతో నివేదిక.’ మూడు నిమిషాల్లో చెప్పడం అలవాటు చేసుకోండి. సమస్య ఏంటి, ఏయే దారులున్నాయి, ఏది ఎంచుకున్నారు, ఏం వదులుకున్నారు, కొలిస్తే ఏం వచ్చింది. ఈ వరస తప్పొద్దు.

ఈ ప్రశ్నలకు ముందే సిద్ధమవండి:
• 250 కిలో ఓమ్‌ల పాట్ బదులు 500 పెడితే? (లోడ్ తగ్గి పై స్వరాలు కాస్త పెరుగుతాయి.)
• యాక్టివ్ సర్క్యూట్‌లో 25 కిలో ఓమ్‌ల పాట్ ఎందుకు సరిపోతుంది? (ముందున్న బఫర్ అవుట్‌పుట్ ఇంపీడెన్స్ తక్కువ.)
• కేబుల్ పొడవు 4 రెట్లయితే రెజొనెన్స్ ఏమవుతుంది? (సగానికి పడుతుంది.)
• లాగరిథమిక్ పాట్ వాల్యూమ్‌కు ఎందుకు? (చెవి శబ్దాన్ని వినే తీరు లాగరిథమిక్ కాబట్టి.)

ఉద్యోగాల దారి ఎటు?

ఉన్నమాట చెప్పుకుందాం. ‘బేస్ వైరింగ్ నిపుణులు కావలెను’ అని ప్రకటన రాదు. మీ పట్టణంలో గిటార్లు బాగుచేస్తే చేతిఖర్చులకు కొంత రావచ్చు. దానిమీదే ఇల్లు నడుస్తుందని ఎవరైనా చెబితే నమ్మొద్దు. ఈ పని విలువ వేరే చోట ఉంది. సర్క్యూట్ గీయడం, కొలవడం, టంకం వేయడం, తప్పు వెతకడం... ఎలక్ట్రానిక్స్ తయారీ, టెస్టింగ్, సర్వీస్ ఉద్యోగాలన్నింటిలో ఇవే కావాలి.

డిప్లొమా, డిగ్రీ పూర్తిచేసినవాళ్లు కేంద్ర ప్రభుత్వ నాట్స్ పోర్టల్‌లో పేరు నమోదు చేసుకుని అప్రెంటిస్ అవకాశాలు చూడాలి. బీఈఎల్ వంటి సంస్థలు అప్రెంటిస్‌లను, ఇంజినీర్లను తీసుకునే ప్రకటనలు వాటి వెబ్‌సైట్లలోనే వస్తాయి. రాతపరీక్షలో నెట్‌వర్క్స్, అనలాగ్ సర్క్యూట్ల ప్రశ్నలు ఉంటే మీకు ఈ గిటార్ గుర్తొస్తుంది. టంకం పనిలో గుర్తింపు కావాలంటే ఐపీసీ సర్టిఫికెట్లకు పరిశ్రమలో విలువ ఉంది. శబ్దం మీద మనసు లాగితే పుణెలోని ఎఫ్‌టీఐఐ, కోల్‌కతాలోని ఎస్‌ఆర్‌ఎఫ్‌టీఐలలో సౌండ్ కోర్సులున్నాయి. వాయించడమే ఇష్టమైతే ఏఆర్ రెహమాన్ పాటలకు బేస్ వాయించిన కీత్ పీటర్స్, మోహినీ డేల వాయిద్యం వినండి. ఒకే తీగ ఎన్ని రకాలుగా పలకగలదో తెలుస్తుంది.

అవనిగడ్డలో డీఎస్సీ కోచింగ్ తీసుకుంటున్న ఫిజిక్స్ అభ్యర్థులకూ ఓ మాట. రేపు తరగతిలో విద్యుదయస్కాంత ప్రేరణ చెప్పేటప్పుడు ఒక పాత పికప్, ఒక మల్టీమీటర్ చేతిలో ఉంటే పాఠం పిల్లల బుర్రల్లో నిలిచిపోతుంది.

ఈ వారం చేయాల్సింది ఒక్కటే. మీకు తెలిసిన బేస్ గిటారిస్టు దగ్గరికి వెళ్లి, ‘అన్నా, నీ బేస్‌లో నీకు నచ్చనిదేంటి?’ అని అడగండి. ఆయన చెప్పింది ఆయన మాటల్లోనే రాసుకోండి. ‘బొంగురు’, ‘పల్చన’, ‘గుయ్’... ఆ మాటలను ఓమ్‌లలోకి, హెర్ట్జ్‌లలోకి మార్చడంతో మీ ప్రాజెక్టు మొదలవుతుంది.